నా చెప్పుల కింద నీడ

2024 మే చివరి వారం. మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. సూరత్ నవాగామ్‌లో ఒక గుజరాతీ పెద్దావిడ డాబా మీద నిలబడి నీడ ఎక్కడైనా ఉందా అని చుట్టూ చూశాను. దక్షిణం వైపు వెనకింటివాళ్ల మెట్లగది పదడుగుల ఎత్తున గోడకానుకునే ఉంది గానీ, దాని నీడ గోడ దాటి ఇవతలికి రాలేదు. నా నీడ నా చెప్పుల కిందే ఉంది. "ఛాంయో నథీ, బా" అన్నాను. నీడనేదే లేదమ్మా, సోలార్ ప్లేట్లు ఎక్కడ పెట్టినా కరెంటు ధారగా కారుతుందని భరోసా ఇచ్చాను. ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని కిందికి దిగొచ్చాను.

ఆ డాబా మీద నేను గడిపింది పది నిమిషాలు. దాన్ని సర్వే అంటారన్న సంగతి కూడా నాకు తర్వాతే తెలిసింది.

నేను పుట్టింది సూరత్‌లోనే. మా నాయన పరకాల పక్క పల్లె నుంచి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి వచ్చి, లింబాయత్‌లో కొన్నాళ్లు, ఉధ్నాలో కొన్నాళ్లు ఉండి, చివరికి నవాగామ్‌లో పన్నెండడుగుల వెడల్పు ఇల్లు కొన్నాడు. ఇక్కడ గోడకు గోడ ఆనుకుని ఉంటుంది. ఒక వైపు ఖాన్‌దేశ్ మరాఠీవాళ్లు, ఇంకోవైపు గంజాం ఒడియావాళ్లు, మధ్యలో మేము. నగరపాలిక నడిపే తెలుగు మీడియం బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత సాంచాలు. సొంతంగా ఎనిమిది సాంచాలు పెట్టి, నడవక అమ్మేసి, ఆ డబ్బుతో బల్బులూ వైర్లూ అమ్మే చిన్న దుకాణం పెట్టాను. ఫ్యాను బిగించడం, ఫ్యూజు వేయడం చేత్తో వచ్చేశాయి. ఊళ్లో నన్ను లైట్‌వాలా అంటారు. నేను దాన్ని ఇంజినీరు అని విన్నాను. నా మొదటి తెలివితక్కువతనం అక్కడుంది.

2024 ఫిబ్రవరి 13న పీఎం సూర్యఘర్ పథకం మొదలైంది. కోటి ఇళ్ల కప్పుల మీద సోలార్, 75,021 కోట్ల ఖర్చు, రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000, మూడు కిలోవాట్లకు మొత్తం 78,000 సబ్సిడీ. గుజరాత్ అప్పటికే ఈ పనిలో ముందుంది కాబట్టి ఇక్కడ గల్లీ గల్లీకీ ఊపు వచ్చింది. 17 లక్షల మందికి పని దొరుకుతుందని సర్కారు అంచనా కట్టింది. ఆ 17 లక్షల్లో నేనొకణ్ణి అవుదామనుకున్నాను. ఒక వెండరు దగ్గర బిగింపు పని లేబర్ కాంట్రాక్టు తీసుకున్నాను. కాగితాల మీద వెండరు పేరు ఉంటుంది. నిచ్చెన ఎక్కేవాడి పేరు ఎక్కడా ఉండదు. నీకేం వచ్చని ఎవరూ అడగలేదు. అడగనందుకు నేను సంతోషించాను కూడా.

ఇక మా చెల్లెలి బిడ్డ సంగతి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసింది. అది చాలదన్నట్టు సూర్యమిత్ర అని మూడు నెలల శిక్షణకు వెళ్లింది. గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ 2015 నుంచి దేశమంతటా నడిపిస్తున్న కోర్సు అది, మొత్తం 600 గంటలు. ఆ పిల్ల తిరిగొచ్చిన కొత్తలో మా వాళ్ల పెళ్లి ఒకటి జరిగింది. బంతి మీద అందరూ తింటుండగా నేను గొంతు పెంచి, "నట్లు బిగించడానికి ఆరొందల గంటల సదువా? మా నాయన సాంచ నడపడం ఎనిమిది దినాల్ల నేర్చిండు!" అన్నాను. నలుగురూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. "సాంచ వేరు, డీసీ వేరు మామా" అంది. నేను ఇంకా పెద్దగా నవ్వాను. చెల్లెలు నా విస్తట్లో వేయబోయిన జిలేబీ వెనక్కి తీసుకుపోయింది. అదైనా నేను గుర్తుపట్టాల్సిన సూచన.

నా సిద్ధాంతం ఇది: పని చూస్తే వస్తుంది. సాంచ దగ్గర అది నిజమే. పేక తెగితే సాంచ దానంతటదే ఆగుతుంది. పడుగులో పోగు తెగితే బట్టలో గీత పడుతుంది, రెండు గజాలు పోకముందే కంటికి కనబడుతుంది. చప్పుడు మారితే చెవి పట్టేస్తుంది. తప్పు చేసినవాడికి ఆ తప్పు అక్కడికక్కడే ఎదురొస్తుంది. కరెంటులో అట్లా రాదు. మేలో చేసిన తప్పు డిసెంబరు దాకా ఓపిగ్గా కూర్చుంటుంది.

బా డాబా మీద ఆరు ప్యానెళ్లు, ఒక్కొక్కటి 540 వాట్లు, మూడేసి చొప్పున రెండు వరసలు. ఒక్కో ప్యానెల్ పాతిక కిలోల పైనే. నా దగ్గర పనిచేసే గంజాం కుర్రాళ్లు ఇద్దరు ఇరుకు మెట్ల మీదుగా వాటిని ఎక్కిస్తుంటే నేను కింద నిలబడి "సంభాల్‌కే" అని అరిచాను. నేనిచ్చిన శిక్షణ అదొక్కటే. నడుముకు కట్టుకోమని ఇచ్చిన తాడు చీరల మూటలు కట్టేది. వైర్ల చివర కనెక్టర్ బిగించడానికి క్రింపింగ్ పనిముట్టు వేరే ఉంటుంది. అది కొనడం దండగని మామూలు ప్లయరుతో నొక్కించాను. ఇంకొకటి దాచకుండా చెప్పాలి. ఇనుము మిగులుతుందని స్టాండు ఎత్తు రెండడుగులకు కుదించాను. మిగిలిన ఇనుము అమ్ముకున్నాను. దాన్ని తెలివితక్కువతనం ఖాతాలో రాయడం నాకే సిగ్గుగా ఉంది.

దీపావళి దాకా అంతా బాగుంది. సూరత్‌లో మూడు కిలోవాట్ల మీద రోజుకు పన్నెండు యూనిట్లు రావాలి, వచ్చాయి. నవంబరులో తగ్గాయి. డిసెంబరు రెండో వారానికి ఏడు. బా రోజూ పొద్దున ఫోను చేసి, ఇన్వర్టరు మీద అంకె చదివి వినిపించేది. తిట్టేది కాదు. అంకె చెప్పి పెట్టేసేది. అది తిట్టుకంటే ఎక్కువ.

నేను మొదట దుమ్ము అన్నాను. కుర్రాణ్ణి పంపి తుడిపించాను. తర్వాత నెపం మీటరు మీద పెట్టాను. తర్వాత ఇన్వర్టరు కంపెనీ మోసం అన్నాను. ఉత్తరాయణం దగ్గర పడుతోంది కదా, పతంగుల మాంజా వైర్లకు చుట్టుకుందేమో అన్నాను. ఒక్కసారైనా మధ్యాహ్నం పూట పైకెక్కి చూస్తే సరిపోయేది. ఎప్పుడూ పొద్దున్నో సాయంత్రమో పోయేవాణ్ణి, మధ్యాహ్నం దుకాణంలో కునుకు తీయాలి మరి.

చివరికి ఒకరోజు పదకొండింటికి ఎక్కాను. పైకి రాగానే కనబడింది. దక్షిణం వరసలో రెండు ప్యానెళ్ల మీద మెట్లగది నీడ నల్ల దుప్పటిలా పరుచుకుని ఉంది. అయినా నా బుర్రకు ఎక్కలేదు. నీడ ఇంత పొద్దున కాబట్టి పడింది, అసలు తప్పు కనెక్టర్‌లో ఉండి ఉంటుందని దాన్ని పట్టుకుని లాగాను.

ఫ్యాను వైరు లాగితే చిన్న మెరుపు మెరిసి పోతుంది. ఇది పోలేదు. ఊడిన రెండు కొసల మధ్య నీలం తెలుపు మంట ఒకటి జిగురులా సాగింది. నేను చెయ్యి వెనక్కి తీస్తున్నకొద్దీ అదీ సాగింది. పాము బుస కొట్టినట్టు చప్పుడు. కాలిన ప్లాస్టిక్ వాసన, ఆ వెనకే ఇంకో వాసన, అది నా వేలిదని ఒక క్షణం తర్వాత తెలిసింది. వైరు విసిరేసి చతికిలబడ్డాను. కుడిచేతి చూపుడువేలి గోరు నల్లబడింది. కింది నుంచి బా "శూఁ థయూఁ?" అని అరుస్తోంది. ఏమీ కాలేదన్నాను.

దవాఖానాలో కట్టు కట్టించుకుని, ఆ చెయ్యి జేబులో పెట్టుకుని చెల్లెలింటికి పోయాను. మేనకోడలు కట్టు చూసి, "ముందు ఏసీ బంద్ చేసినవా?" అంది. లేదన్నాను. "డీసీ ఐసోలేటరు?" అదేమిటో నాకు తెలిసినట్టు తల ఊపాను. ఆ పిల్ల నిట్టూర్చి చెప్పింది. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు పడి లేస్తుందట, అందుకే ఆ మెరుపు ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. ఆరు ప్యానెళ్లు వరసగా కలిపితే 250 వోల్టులకు తక్కువ ఉండదు, ఎండ ఉన్నంతసేపు దాన్ని ఆర్పే స్విచ్చు ప్యానెల్‌కు ఉండదు. ముందు ఏసీ ఆపాలి, తర్వాత డీసీ, తర్వాత మీటరు పెట్టి కరెంటు సున్నా అయిందని చూసుకోవాలి, అప్పుడు గానీ కనెక్టర్ మీద చెయ్యి వేయకూడదు. ఇది వాళ్లకు మొదట్లోనే నేర్పారట.

మర్నాడు నడిమధ్యాహ్నం ఇద్దరం ఎక్కాం. నీడ అక్కడే ఉంది. "మేల సూసిన, లేకుండె" అన్నాను. "సూర్యుడు నీ చెప్పుచేతల్ల ఉంటడా మామా? మే ఆఖర్ల సూరత్ నెత్తి మీదికొస్తడు. డిసెంబరు 21కి దక్షిణం దిక్కు నలభై అయిదు డిగ్రీలకు దిగుతడు. అప్పుడు నడిమధ్యాహ్నం కూడా మనిషి ఎంత ఎత్తుంటే నీడ అంత పొడుగుంటది." పదడుగుల గదికి పదడుగుల నీడ. ఏడాదిలో నీడ లేని ఆ నాలుగు రోజులూ ఏరుకుని మరీ నేను సర్వే చేశానన్నమాట. ఆ తర్వాత నేను లాగిన కనెక్టర్ విప్పి చూపించింది. నా ప్లయరు నొక్కిన చోట రాగి వదులుగా ఉండి, వేడెక్కి, లోపలి ప్లాస్టిక్ ఎప్పుడో సగం కరిగి ఉంది. ఇంకో ఎండాకాలం వస్తే ఆ డాబా మీద ఏం జరిగేదో ఆ పిల్ల చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ తర్వాత ఎనిమిది ఆదివారాలు మా దుకాణం షట్టరు సగం దించి బడి నడిచింది. పంతులమ్మ మేనకోడలు, విద్యార్థులం నేనూ నా కుర్రాళ్లూ. ఆమెకు ఫీజు ఇస్తానంటే, పెళ్లిలో అన్న మాట అదే బంతి మనుషుల ముందు వెనక్కి తీసుకోమంది. తీసుకున్నాను. డబ్బులిస్తే తేలిగ్గా పోయేది. పాఠం హిందీలో నడిచేది. సిరీస్, పారలల్ దగ్గర అందరం తడబడ్డాం. అప్పుడొక్కచోట నేను పనికొచ్చాను. సిరీస్ అంటే ఒకే పోగు, ఎక్కడ తెగినా మొత్తం ఆగుతుంది. పారలల్ అంటే పడుగు, ఒకటి తెగినా పక్కది నడుస్తుంది. సాంచాల మీద పనిచేసి వచ్చిన కుర్రాళ్లు వెంటనే పట్టుకున్నారు. ఆ చేతులు మొద్దు చేతులేం కావు. వాటికి తెలిసిన మాటల్లో ఎవరూ చెప్పలేదు, అంతే.

పక్కనున్న తాపీ జిల్లాలో కాక్రాపార్ అణు కేంద్రం ఉంది. మన దేశమే తయారుచేసుకున్న 700 మెగావాట్ల యూనిట్లు అక్కడ రెండు నడుస్తున్నాయి. దాని కంట్రోల్ రూములో కూర్చోవాలంటే ఏళ్ల తరబడి శిక్షణ, పరీక్షలు, లైసెన్సు కావాలి. అదీ కరెంటే, ఇదీ కరెంటే. ఇక్కడ నాకు నిచ్చెన ఉంటే చాలన్నారు. కోటి కప్పులు లెక్కపెడుతున్నాం. ఆ కప్పులెక్కే చేతుల్లో ఎన్నిటికి ఏసీ ముందా డీసీ ముందా తెలుసో కూడా లెక్కపెట్టాలని, నల్లగోరు ఉన్నవాడిగా అడుగుతున్నాను.

బా డాబా మీద స్టాండు ఏడడుగులకు లేపి, మొత్తం నాలుగడుగులు ఉత్తరానికి జరిపాం. కనెక్టర్లన్నీ మార్చాం. ఇనుముతో కలిపి 18,400 రూపాయలు, నా జేబులోంచే. 2025 డిసెంబరు 21న మధ్యాహ్నం కునుకు మానుకుని వెళ్లి చూశాను. మెట్లగది నీడ ప్యానెల్ అంచుకు జానెడు దూరంలో ఆగింది. ఆ సాయంత్రం బా ఫోను చేసి అంకె చదివింది: పన్నెండు.