డజను గ్లాసులు

ఆయన ప్రభుత్వ అధికారి. విశాఖ నుంచి డుంబ్రిగుడకు బదిలీ అయింది. 1/70 చట్టం ఉన్న ఏజెన్సీలో గిరిజనేతరులు ఇల్లు కొనడానికి వీల్లేదు కనక, ఒక గిరిజన రైతు ఇంట్లో అద్దెకు దిగారు. సామాను వ్యాన్‌లో అనంతగిరి ఘాట్ ఎక్కింది. అందులో డిష్‌వాషర్ కూడా ఉంది.

చాపరాయి వైపు పల్లె నుంచి ఒకామె పనికి కుదిరింది. ఇల్లాలు ఆమెను మిషను ముందు నిలబెట్టి అంతా నేర్పింది. ఎంగిలి మెతుకులు దులిపేస్తే చాలు, ముందుగా తోమక్కర్లేదు. కంచాలు, గిన్నెలు కింది అరలో బోర్లించాలి. గ్లాసులు పై అరలో. ఇత్తడివి, ఇనప పెనం, చెక్క గరిటెలు పెట్టకూడదు. నీళ్లు చిమ్మే రెక్క దేనికీ తగలకుండా తిరుగుతోందో లేదో చేత్తో తిప్పి చూడాలి. ఆఖర్న బిళ్ల వెయ్యాలి.

"అరలు నిండాకే మీట నొక్కు. చోటు ఖాళీగా వదిలితే నీళ్లూ కరెంటూ దండగ."

ఆమె రెండోరోజుకే పట్టేసింది.

ఆమె కాఫీకి స్టీలు గ్లాసు విడిగా ఉంది. ఇంట్లో ఉన్న డజను సెట్టులోదే. కలిసిపోకుండా ఇల్లాలు దాని అడుగున గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టింది. అది వెనక వసారా కిటికీలో ఉండేది. తాగాక ఆమె పెరటి కుళాయి దగ్గర కడిగి, మళ్లీ అక్కడే బోర్లించేది.

ఒక ఆదివారం విశాఖ నుంచి చుట్టాలొచ్చారు. భోజనాలయ్యాక ఆయన మిషను పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. అమెరికాలో జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ, పనివాళ్లు కడుగుతూ తన పింగాణీ పెచ్చులూడగొడుతున్నారని దీన్ని కనిపెట్టి, 1886లో పేటెంటు తీసుకుందట. 1893లో చికాగో ప్రదర్శనలో బహుమతి కూడా వచ్చిందట.

"డెబ్భై డిగ్రీల వేడినీళ్లండీ. లోపలికి ఏది వెళ్లినా, బయటికొచ్చాక ఎంగిలన్న మాటే ఉండదు" అన్నాడు.

ఆమె అప్పుడు గ్లాసులు సర్దుతోంది. పై అరలో ఒక్క గ్లాసుకు చోటు మిగిలింది. వసారాలోకి వెళ్లి తన గ్లాసు తెచ్చి అందులో పెట్టింది. బిళ్ల వేసి మీట నొక్కింది.

సాయంత్రం ఇల్లాలు తలుపు తీసి గ్లాసులు లెక్కపెట్టింది. పన్నెండు. ఒక్కొక్కటే తిరగేసి చూసింది. లైటు కిందకి పట్టుకెళ్లి మళ్లీ చూసింది. దేనికీ చుక్క లేదు.

"నీ గ్లాసేదే?"

ఆమె పన్నెండూ చూసింది.

"తెలీట్లేదమ్మా. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

పన్నెండూ సంచిలో వేసి ఆమెకే ఇచ్చేసింది ఇల్లాలు. మరుసటి వారం విశాఖ వెళ్లి కొత్త డజను కొన్నారు. పేరు కొట్టమంటారా అని అడిగాడు కొట్టువాడు.

పదకొండింటి మీద కొట్టమంది.