బ్యారన్ తలుపు మీది సుద్దరాతకు టీకా తాత్పర్యం

అవతారిక

జంగారెడ్డిగూడెం మెట్టలో మా పెదనాన్నగారి పొగాకు బ్యారన్ (ఆకును వేడితో పండించే గది) తలుపు మీద ఒకానొక వేసవి మొదట్లో వెలసిన మూడు పాదాల గ్రంథమిది. తాటాకు కాదు, టేకు చెక్క. గంటం కాదు, బడి నుంచి నేను జేబులో వేసుకొచ్చిన సుద్దముక్క. కావ్యానికి కీర్తి, ధనం అంటూ పెద్దలు చాలా ప్రయోజనాలు చెప్పారు. ఈ గ్రంథానికి ప్రయోజనం ఒక్కటే: రాత్రి కాపలాకు కూర్చునే పద్నాలుగేళ్ళ వెధవ, అనగా ఈ వ్యాఖ్యాత, బ్యారన్ తగలెయ్యకుండా చూడడం.

మూలం

ఆఖరి రెలుపు. 640 కర్రలు.
మొదట 95. ఆకు చెప్పాక పెంచు.
160 దాటకు. ఈనె వి… దించు.

మూడో పాదంలో ‘వి’ తర్వాతి అక్షరాలు గేదె వీపు రుద్దుకోవడం వల్ల లుప్తమైనవి. ఈ వ్యాఖ్యానానికి మూలకారణం ఆ గేదే. ఛందస్సు మాటకొస్తే గణాలు కుదరవు. యతి మాత్రం ఒకటుంది, సుద్దముక్క విరిగినచోట.

టీక

ఆఖరి = చిట్టచివరిదైన; రెలుపు = ఆకు కోత. కోత అన్నంతమాత్రాన కొడవలిని ఊహించరాదు. వరిలాగా చేను మొత్తం ఒక్కసారి పడగొట్టే పని కాదిది. పొగమొక్కకు కింది ఆకు ముందు పండుతుంది, పైఆకు చివర పండుతుంది. వారానికి రెండు మూడు ఆకుల చొప్పున, లేత పసుపు తిరిగినదాన్ని మాత్రమే, మొక్కకు దెబ్బ తగలకుండా చేత్తో కిందికి వంచి విరవడమే రెలవడం. అంతకుముందే పూమొగ్గ తల తుంచి, ఆ కోపంతో కణుపుకొకటిగా లేచిన పిలకలన్నీ గిల్లేసి ఉంటారు కనుక బలమంతా ఆకుకు దిగుతుంది. మా వైపు సంక్రాంతి అయ్యాక మొదలైన రెలుపులు ఉగాది దగ్గర పడేసరికి మొక్క నెత్తికి చేరతాయి. ఆ నెత్తి ఆకు మందం, మొండి, ఒకపట్టాన పండదు. ‘ఆఖరి’ అన్న ఒక్క విశేషణంలో ఈ హెచ్చరికంతా ఇమిడి ఉంది. లేకపోతే సుద్ద ఖర్చు చేసి ఆ మాట రాయరు.

రసము: జిగురు. ఇది నవరసాల్లో చేరదు, చేతికి పట్టుకుంటే వదలదు. మధ్యాహ్నానికి అరచేతులు నల్లబడి, పెరుగన్నం కలుపుకుంటే అదీ చేదే. మంచు ఆరకముందు చేలో దిగితే తడి ఆకు సారం ఒంట్లోకి దిగి తల తిరిగి వాంతులవుతాయి. చుట్ట ముట్టని ఆడకూలీలకు చుట్ట తాగినవాడి తలతిప్పట అన్నమాట. దీన్ని ఏ రసంలో చేర్చాలో ఆలంకారికులు తేల్చలేదు.

640 కర్రలు = ఆకును పురికొసతో జతలు జతలుగా రెండువైపులా అల్లిన కర్రలు. అతిశయోక్తి అనుకోనక్కరలేదు, పెద్దమ్మ వేలు పెట్టి లెక్కపెట్టినవి. కర్రకు నూరాకులు వేసుకున్నా 64,000 ఆకులు. అవన్నీ పొద్దుగూకేలోగా బ్యారన్ లోపల వాసాల మీద కిందినుంచి కప్పుదాకా వేలాడాలి.

ఇక్కడ కొంత వ్యాకరణ చర్చ. మూలంలో ‘పొగాకు’ అనే పదం ఎక్కడా లేదు. అయినా మూలంలో లేనిదాన్ని చర్చించకపోతే వ్యాఖ్యాతకు పరువు దక్కదు. పొగ, ఆకు కలిసి అకారసంధితో పొగాకు అయింది, ఇందులో వివాదం లేదు. సమాసం దగ్గరే పేచీ. పొగ వలన పండిన ఆకు అని మా పాలేరు పక్షం. కట్టెలు కాల్చి పండిస్తున్నాం గనుక అతని వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ పొరపాటు. బ్యారన్‌లో పొయ్యి నోరు గోడ బయట ఉంటుంది. జామాయిలు మొద్దుల మంట ఇనప గొట్టాల్లో దూరి, గది నేలంతా చుట్టి, పొగగొట్టం వెంట పైకి పోతుంది. ఆకుకు వేడి తగులుతుందే తప్ప పొగ తగలదు. తగిలితే వాసన పట్టి వేలంలో ధర పోతుంది. అంచేత, బయటికి ఇంత పొగ కక్కే గది లోపల పొగాకు పొగ వాసన ఎరగకుండా పండుతుంది, ఎవడో అగ్గిపుల్ల గీసేదాకా. పొగ కొరకు ఆకు అనే చతుర్థీ తత్పురుషమే సాధువు. (సిగరెట్ పెట్టె మీది బొమ్మ ఈ సమాసానికి ఫలం. అది ఈ టీక పరిధిలోది కాదు.)

మా పెదనాన్న మాత్రం ఈ సమాసాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. తన వర్జీనియా ఆకును ఆయన నోట పెట్టి ఎరగడు. ‘అది దొరల ఆకురా, గడ్డి’ అనేవాడు. తన చుట్టకోసం దొడ్లో బావి పక్కన పాతిక నాటు మొక్కలు వేరే. వాటికి బ్యారన్ లేదు, ధర్మామీటరు లేదు. ఎండలో వాడ్చి, తోరణం గుచ్చి, పందిరికి కట్టి, ఆరాక మండె (కుప్ప) వేసి, తోచినప్పుడు తిరగేయడమే. ఆ ఆకు గోధుమరంగు దాటి నల్లబడుతుంది. రంగు ఎవడిక్కావాలి, ఘాటు కావాలి గానీ, అని ఆయన సిద్ధాంతం. ఒకే ఇంట్లో బంగారం రంగు కోసం ఆరు రాత్రులు నిద్ర మానుకునేదీ ఆయనే, నల్లాకు చుట్ట నోట్లో పెట్టుకుని ఆ కాపలా కాసేదీ ఆయనే.

మొదట = ఆరంభమునందు; 95. ఇక్కడ ‘డిగ్రీలు’ అని అధ్యాహారం చేసుకోవాలి. అవి ఫారన్‌హీట్ డిగ్రీలు. నవీనులు 35 అని చదువుకుంటే దోషం లేదు. కిటికీ అద్దం వెనక ధర్మామీటరు వేలాడుతుంది, టార్చి వేసి చూడాలి.

శంక: ఎలాగూ ఎండబెట్టేదానికి మొదటే పెద్ద మంట పెడితే ఒక్క రాత్రిలో తీరిపోదా? సమాధానం: తీరిపోతుంది, పెట్టుబడితో సహా. మొక్కనుంచి విరిచినా ఆకు అప్పుడే చావదు. తిండి ఆగింది గనుక తన ఒంట్లో దాచుకున్న పిండిపదార్థాన్నే చక్కెరగా మార్చుకుని తింటూ ఒకటిన్నర, రెండు రోజులు బతుకుతుంది. ఆ ఆకలిలోనే పచ్చదనం కరిగి, అడుగునున్న పసుపు పైకి తేలుతుంది. ఆ పని పూర్తికాకముందే వేడి ఎక్కిస్తే ఆకు పచ్చగానే చస్తుంది. చచ్చిన ఆకును ఇక ఏ మంటా పండించలేదు. పోనీ అని మరీ తాత్సారం చేస్తే పసుపు దాటి గోధుమలోకి జారుతుంది. ఈ రెంటి మధ్య సందు ఎంత? కొన్ని గంటలు. వరి పండించినవాడికి నెలలు చాలు, వీడికి గంటలు కావాలి.

ఆకు చెప్పాక = ఆకు పలికిన పిమ్మట; పెంచు = వేడి హెచ్చించుము. ఆకు ఎలా చెబుతుంది? ఇదేమీ రూపకం కాదు. కిటికీ దగ్గర ఒక కర్రను గుర్తుగా పెట్టుకుంటారు. దాని కొసలు మెత్తబడి, వాలి, అంచుల్నుంచి పసుపు ఈనె దగ్గరకు నడిచిందా, అది చెప్పినట్టు. అప్పుడు కప్పు మీది గాలి తూములు కాస్త తెరిచి మంట మెల్లగా పెంచితే రంగు కుదురుకుంటుంది. ఆపైన రేకు ఆరుతుంది. చివరకు మిగిలేది నడుమ ఈనె.

160 దాటకు. ఇది విధివాక్యం కాదు, నిషేధం. దాటితే రంగు మాడి ఎరుపెక్కుతుంది. అదొక్కటే కాదు, పెళపెళలాడే ఆకు ఒక్కటి రాలి కాలిన గొట్టం మీద పడిందంటే 640 కర్రలూ ఒకే కర్ర. మా ఊళ్ళో అలా కాలిన బ్యారన్ మొండిగోడలు నేను చిన్నప్పుడు చూశాను. తర్వాత అందులో మేకలు కట్టేవారు.

ఈనె వి… దించు. గ్రంథానికి ఇదే ముడి. పాఠాంతరాలు మూడు. ‘ఈనె విరిచి దించు’ అని పాలేరు. ‘ఈనె విని దించు’ అని పెదనాన్న. మూడోది ‘ఈనె విడిచి దించు’, అనగా ఈనె సంగతి వదిలేసి దించు అని. ఈ మూడో పాఠాన్ని ప్రతిపాదించినవాడు ఈ వ్యాఖ్యాతే, మాటతో కాదు, చేతతో. ఆరో రాత్రి నిద్ర ఆగక, కింది వరసలో రేకు గలగలమనడం చూసి, అయిపోయిందని మంట ఆర్పేశాను. పెద్దవాళ్ళు నా మాట నమ్మారు. తలుపులు బార్లా తీసి, రాత్రి చెమ్మకు ఆకు పదునెక్కాక తెల్లారగట్ట దించి మండె వేశారు. పది రోజులకు మండెలో చెయ్యి పెడితే వెచ్చన. పైవరసల ఆకుల్లో ఈనె మొదలు ఆరలేదు. ఆ తడి రేకులోకి పాకి, లోపలంతా తెల్లబూజు.

వేలానికి వెళ్ళాక బేళ్ళలో మూడు తిరిగొచ్చాయి. 1976లో గుంటూరులో పొగాకు బోర్డు వచ్చి, 1985లో మన రాష్ట్రంలో వేలం పెట్టకముందైతే వాకిట్లోకొచ్చిన వర్తకుడి నోటిమాటే ధర. అప్పుడైతే బూజు సాకుతో అన్నిటికీ కోత పెట్టేవాడని పెదనాన్న నన్ను ఓదార్చాడు. ఓదార్చాడో, తిట్టాడో ఇప్పటికీ అన్వయం కుదరదు.

కర్తృత్వం

ఇన్నేళ్ళూ ఈ గ్రంథం పెదనాన్నదే అనుకున్నాను. మొన్న ఆ తలుపు పశువులపాకకు మారుస్తుంటే అడిగాను, పెదనాన్నా, ‘వి’ తర్వాత నువ్వు రాసిందేమిటి అని. ఆయన నవ్వాడు. ‘నాకు సంతకం తప్ప రాతెక్కడొచ్చురా? మీ పెద్దమ్మ రాసింది.’

కనుక ఇంతవరకూ ‘గ్రంథకర్త’ అనుకున్నచోట్ల ‘గ్రంథకర్త్రి’ అని దిద్దుకోగలరు.

పెద్దమ్మ వాకిట్లో చేట ముందు కూచుని ఉంది. నా మూడు పాఠాంతరాలూ వినిపించాను. ‘ఏం రాశానో ఏం గుర్తురా, అప్పుడు పొయ్యి మీద ఎసరు పొంగుతోంది’ అంది. చూరులో చుట్టల కోసం దాచిన నాటాకు కట్టలోంచి ఒకటి లాగి, రేకు దూసేసి, ఈనెను నా చెవి పక్కన పెట్టి విరిచింది.

పుటుక్కుమంది.

‘ఇది ఆరింది’ అని, రెండు ముక్కలూ పొయ్యిలో వేసి, చేట మళ్ళీ ముందుకు లాక్కుంది.