మయుడు గారూ, మీ సభ మీరే తీసుకోండి

దానవ శిల్పి శ్రీ మయబ్రహ్మ గారి దివ్యసముఖానికి, విజయనగరం జిల్లా గజపతినగరం నుంచి ఒక గృహస్థు చేసుకునే విన్నపం.

అయ్యా, పాండవులకు మీరు 14 నెలల్లో సభ కట్టిచ్చారని భారతం చెబుతోంది. దుర్యోధనుడు అందులో నేలను చూసి నీళ్లనుకుని పంచె ఎగ్గట్టాడు, నీళ్లను చూసి నేలనుకుని దభేలున పడ్డాడు. అక్కడ పడింది చుట్టపుచూపుగా వచ్చినవాడు. మా దగ్గర పడుతున్నది ఇంటివాళ్లమే.

తెల్లటి నున్నటి విట్రిఫైడ్ టైల్స్ వేయించాం. పల్లె నుంచి వచ్చిన మా మేనత్త గుమ్మంలోనే చెప్పులు చేత్తో పట్టుకుని ఆగిపోయింది. "ఏట్రా, నీళ్లొంపీసినారేటి? కాలెట్టాలంటే బయమేస్తంది!" అంది. వాళ్ల పెంకుటింటి అరుగు ఎర్రమట్టితో అలికి ముగ్గేసింది. డెబ్బై ఏళ్లుగా దానిమీద తడికాళ్లతోనే తిరుగుతోంది, ఏనాడూ జారలేదు. ఇక్కడ మా ఆవిడ రోజుకి మూడుసార్లు గుడ్డ పెడుతుంది, అయినా అడుగుల మరకలు పోవు.

పై సంగతికి వస్తాను. పదడుగుల ఎత్తున్న హాలుకి ఫాల్స్ సీలింగ్ బిగించి తొమ్మిదికి దించాం. అంచున నీలం, గులాబి, ఆకుపచ్చ ఎల్ఈడీ పట్టీలు. రాత్రి హాల్లో కూర్చుంటే ప్రైవేటు స్లీపర్ బస్సెక్కినట్టుంటుంది. ఇప్పుడు నీలం చచ్చిపోయింది, గులాబి కన్నుకొడుతోంది. శ్రావణ మాసం వానలకి స్లాబు చెమ్మ దిగి జిప్సం బోర్డు మీద పసుపు మచ్చ లేచింది. లోపల ఎలకలు ఏ రాత్రి ఏ గదిలోంచి ఏ గదికి వెళ్తున్నాయో చప్పుడుని బట్టి చెప్పగలను. గోడమీది జలపాతం వాల్‌పేపరు కూడా అదే వానకి మూలల్లో చుట్టుకుపోయింది.

ఎదురింటాయన మేడ ముందంతా అద్దాలే పెట్టించాడు. ఇల్లు పడమటి ముఖం. సాయంత్రం నాలుగింటికి వాళ్లందరూ వెనక వంటింట్లోకి చేరతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అద్దాల మేడలకేమైందో మన ఉత్తరాంధ్రలో చూడనివాళ్లుండరు. అయినా పెట్టించాడు!

అన్నిటికన్నా నాకు కష్టంగా తోచేది షోకేసు. బొబ్బిలి మాకు దగ్గరే, అదే రైలు దారి. అక్కడ పనసకర్రను తొలిచి వీణ చేస్తారు. మా షోకేసులో సన్మానాల్లో ఇచ్చిన జానెడు వీణలు మూడున్నాయి, ప్లాస్టిక్ ఆర్కిడ్ల పక్కన, ఒక్కోదానికి ఒక్కో లైటుతో. ఆ చేతిపనికి ఇంత దగ్గరున్న మా ఊళ్లో, అసలు వీణ వాయించేవాళ్లు ఎవరింట్లో ఉన్నారో నాకు తెలీదు.

మాడ్యులర్ కిచెన్ గురించి రాయొద్దని మా ఆవిడ ఆజ్ఞ. ఆ లాగుడు అరలు నిజంగానే పనికొస్తున్నాయట. ఒప్పుకుంటున్నాను.

ఇక మీరు మెరుపులు కట్టిపెట్టి, గరుకు టైల్సో తాండూరు బండలో వేసుకోమని మేస్త్రీలకు కలలో కనిపించి చెప్పండి. వాళ్లు నా మాట వినరు, "ఇప్పుడెవరూ వేయట్లేదండీ" అంటారు. ఆదివారం సీలింగ్ విప్పిస్తున్నాం. ఇల్లు కట్టినప్పుడు స్లాబులో వదిలిన ఫ్యాను కొక్కేలు ఎక్కడున్నాయో మాలో ఎవరికీ గుర్తులేదు. దివ్యదృష్టితో చూసి, శనివారం సాయంత్రంలోగా కబురు పంపగలరు.

ఇట్లు,
తమ విధేయుడు