ముందు ఎంతో చెప్పండి

ధర అడగడానికి మన తెలుగువాళ్లకు మొహమాటం లేదు. ఎదుటివాడి స్థలం గజం ఎంతకు పడిందో, వాళ్లబ్బాయికి అమెరికాలో ప్యాకేజీ ఎంతో, కోడలి మెళ్లో గొలుసు ఎన్ని గ్రాములో, అందులో తరుగెంతో, మజూరీ ఎంతో, రైల్లో పరిచయమైన పావుగంటలో రాబట్టేస్తాం. చీటీ ఎంతకు పాడితే ఎంత వడ్డీ మీద పడుతుందో కాగితం కలం లేకుండా చెప్పే ఇల్లాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అదే మనిషి చెవిలో "ఆ నీళ్లలో కెమికల్స్ ఉన్నాయట" అని ఓ మాట వేయండి. ఎంత అన్న ప్రశ్న ఆ నోట రాదు. ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. మనవాళ్లకు సైన్సు తెలియదని, మూఢనమ్మకాలు ఎక్కువని పెద్దలు వాపోతుంటారు కానీ నేను ఒప్పుకోను. లెక్క మనకు బ్రహ్మాండంగా వచ్చు. దాన్ని బంగారం కొట్లోనూ రిజిస్ట్రారు ఆఫీసులోనూ తప్ప బయటికి తియ్యం, అదీ జబ్బు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో రాసుకున్నాం. మాట గంభీరంగా ఉందని ఎవరూ దాని జోలికి పోలేదు. ఎదుటివాడు ఏదైనా చెప్పినప్పుడు ఎంత అని అడిగితే చాలు, ఆ విధిలో ముప్పాతిక భాగం తీరిపోతుంది.

ఈ ప్రశ్న ఎంత విలువైనదో మన నేలకే బాగా తెలియాలి. ఫ్లోరైడ్ సంగతి చూడండి. లీటరు నీటి బరువు పది లక్షల మిల్లీగ్రాములు. అందులో ఫ్లోరైడ్ ఒక్క మిల్లీగ్రాము దాకా ఉంటే ఫర్వాలేదనీ, వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చనీ మన తాగునీటి ప్రమాణం చెబుతుంది. అంతకు మించి ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి, నడుములు వంగిపోతాయి. నెల్లూరు జిల్లా పల్లెల్లోని ఈ జబ్బు గురించి 1937లోనే షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ వైద్య పత్రికలో రాశారు. ఆ తర్వాత నల్లగొండ పేరు దీనికి ఎంతగా అతుక్కుపోయిందంటే, పటికా సున్నమూ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ పద్ధతి' అనే పేరు. మరి అదే ఫ్లోరైడ్‌ను పళ్లు పుచ్చకుండా ఉండాలని పేస్టులో కలిపి అమ్ముతున్నారు, మనం డబ్బిచ్చి కొనుక్కుని పొద్దున్నే నోట్లో పెట్టుకుంటున్నాం. దాన్ని విషమన్నవాడూ సగమే చెప్పాడు, మందన్నవాడూ సగమే చెప్పాడు. రెండో సగం అంకెలో ఉంది. ఎంత చెట్టుకు అంత గాలి అన్న జాతికి ఇది వేరే చెప్పాలా?

చెప్పాల్సే వచ్చేట్టుంది, పసుపు విషయం చూస్తే. పసుపులో క్యాన్సర్‌ను చంపే గుణముందని రోజూ పొద్దున్నే ఫోన్లో శుభోదయంతో పాటు వస్తుంది. పసుపులోని కర్క్యుమిన్ మీద పరిశోధనలు జరిగిన మాట నిజమే. కాకపోతే పసుపు బరువులో కర్క్యుమిన్ మూడు శాతానికి అటూ ఇటూ, అదీ ఒంటికి సరిగ్గా పట్టదు. అందుకే రోగుల మీద జరిపిన కొన్ని పరీక్షల్లో రోజుకు ఎనిమిది గ్రాముల దాకా ఇచ్చి చూశారు. అంత కర్క్యుమిన్ వంటింటి పసుపు నుంచే రావాలంటే రోజుకు పావుకిలో పైనే మింగాలి. అంటే పప్పులో పసుపు వేసుకుంటే కుదరదు, పసుపులో పప్పు వేసుకోవాలి. హోమియోపతీది మరీ విచిత్రం. సీసా మీద ముప్ఫై సి అని ఉంటే, మందును నూరు పాళ్లకు పలచన చేయడం ముప్ఫై సార్లు జరిగిందని అర్థం. ఒకటి పక్కన అరవై సున్నాలు పెట్టుకోండి. పన్నెండో విడత దాటేసరికే అసలు మందు అణువు ఒక్కటైనా మిగిలి ఉండటం అనుమానం. నీళ్లలో ఒక్క రేణువు రసాయనం ఉందంటే హడలిపోయే మనిషే, ఒక్క రేణువూ లేని గోళీలను వేళ తప్పకుండా చప్పరిస్తాడు. తనకు జలుబు తగ్గిందంటాడు. తగ్గుతుంది, వారానికి ఏమీ వేసుకోనివాడికీ తగ్గుతుంది.

ఈ బలహీనతను వ్యాపారస్తులు మనకంటే ముందే కనిపెట్టారు. మంచినీళ్ల మిషను అమ్మే కుర్రాడు ఇంటికొచ్చాడంటే జరిగేది చూడండి. రెండు గాజు గ్లాసులు అడుగుతాడు. ఒకదాంట్లో మీ కుళాయి నీళ్లు, రెండోదాంట్లో వాళ్ల మిషను నీళ్లు పోస్తాడు. కరెంటు ప్లగ్గు పెట్టి, నాలుగు కడ్డీలున్న పరికరాన్ని రెండు గ్లాసుల్లోనూ ముంచుతాడు. నిమిషం తిరక్కుండా మీ నీళ్లు బుడగలు లేచి, పసుపెక్కి, చివరికి మురుక్కాలవ రంగుకొస్తాయి. వాళ్ల నీళ్లు మాత్రం పెళ్లికూతురి నవ్వులా అలాగే ఉంటాయి. ఇంటావిడ గుండె మీద చెయ్యి వేసుకుంటుంది, పెద్దాయన ఇన్నాళ్లూ ఇదా తాగాం అని కుర్చీలో కూలబడతాడు. ఆ మురికి నీళ్లలోది కాదు, కడ్డీలోది. కుళాయి నీళ్లలో లవణాలుంటాయి కనుక కరెంటు పారి, ఇనప కడ్డీ కరిగి తుప్పు దిగుతుంది. మిషను నీళ్లలో లవణాలు తీసేశారు కనుక కరెంటు పారదు, కడ్డీ చెక్కు చెదరదు. చిటికెడు ఉప్పు తెచ్చి మిషను నీళ్ల గ్లాసులో వేస్తే అదీ బురదే అవుతుంది. వంటింట్లో ఉప్పు డబ్బా ఎప్పుడూ ఉంటుంది, ఎవరూ తేరు.

అప్పుడు ఆ కుర్రాడు పెన్నులాంటి మీటరు తీసి నీళ్లలో పెట్టి, మూడొందలో నాలుగొందలో చూపించి మొహం గంభీరంగా పెడతాడు. మనం ఎంత అని అడిగేలోపే అంకె చెప్పేశాడు కనుక నోరు పడిపోతుంది. ఇక్కడే రెండో ప్రశ్న కావాలి: ఏది ఎంత? ఆ పెన్ను చూసేది కరెంటు ఎంత బాగా పారుతుందన్నది ఒక్కటే. దాన్నిబట్టి లవణాలన్నీ కలిపి ఎంతో అంచనా కడుతుంది. లీటరుకు ఐదొందల మిల్లీగ్రాముల దాకా హాయిగా తాగొచ్చని మన ప్రమాణమే అంటోంది. ఆ లోపున్న నీళ్లకు ఆర్వో మిషన్లు నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రానికి చెప్పింది కూడా, ఎందుకంటే లీటరు మంచినీళ్లకు ఇంటి మిషను ఇంచుమించు మూడు లీటర్లు తూములోకి పంపిస్తుంది. అదే పెన్నుకు కలరా క్రిములు కనపడవు. లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నా అది ఆ మూడొందల్లో కలిసిపోయి బుద్ధిగా కూర్చుంటుంది. అలాంటి నీళ్లున్న ఊళ్లో ఆర్వో నిజంగానే అక్కరకొస్తుంది, కాదనను. కానీ ఆ ఊరికి ఆ సంగతి చెప్పాల్సింది ప్రయోగశాల, ఈ పెన్ను కాదు.

కాస్తంతయినా ప్రమాదమే కదా, జాగ్రత్త పడితే పోయేదేముంది అంటారు. పోయేది చాలానే ఉంటుంది. కాలనీ వాళ్లంతా కలిసి ధర్నా చేసి సెల్ టవరును ఊరవతలికి పంపించారనుకోండి. 2012 సెప్టెంబరులోనే మన దేశం టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు దించింది. ఆ టవరు దూరమైతే చెవికి ఆనించుకున్న ఫోను దాన్ని అందుకోవడానికి తన శక్తి పెంచుకుని అరుస్తుంది. అంటే దూరాన ఉన్నదాన్ని తరిమి దగ్గరున్నదాని మోత పెంచుకున్నారు. ఆ తర్వాత సిగ్నలు లేదని కంపెనీని తిట్టేదీ వాళ్లే.

సామాన్యుడికి ఇవన్నీ కుదురుతాయా అని ఇంకో అడ్డం. చీటీ పాట లెక్క వచ్చినవాడికి భాగహారం కష్టమా? తిండిలేని దేశానికి చంద్రుడెందుకని అడిగేవాళ్లున్నారు. 2023లో చంద్రయాన్-3కు అయింది సుమారు 615 కోట్లు. నూట నలభై కోట్ల మందికి పంచితే తలకు నాలుగు రూపాయల నలభై పైసలు వస్తాయి. దాంతో పేదరికం సంగతి తర్వాత, మంచి టీ కూడా రాదు. రాజకీయాల్లో ఈ పని మనవాళ్లు అక్కడక్కడా చేస్తారు కూడా. పోలవరం నీటిమట్టం 45.72 మీటర్లా, 41.15 మీటర్లా అన్న గొడవ వినే ఉంటారు. తేడా పదిహేను అడుగులే కదా అనిపిస్తుంది. కానీ జలాశయం పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. పై మట్టంలో 194 టీఎంసీలు పడితే, కింది మట్టంలో 115 దగ్గరే ఆగిపోతుంది. పదో వంతు మట్టం తగ్గిస్తే నీళ్లలో నలభై శాతం పోయింది. టీఎంసీ అంటే దాదాపు 2,830 కోట్ల లీటర్లని, దాంతో ఆరు వేల ఎకరాల వరి పండుతుందని లెక్క కట్టగల రైతును మీటర్ల మాటతో బోల్తా కొట్టించడం కష్టం. అదే రైతు పురుగుమందుల కొట్లో ఎకరానికి ఎన్ని మిల్లీలీటర్లో చీటీ మీద ఉన్నా, "ఇంకాస్త ఎక్కువ కొట్టు, ఏం కాదు" అంటే తలూపుతాడు.

అంకెలూ అబద్ధాలాడతాయి కదా అన్నది మాత్రం గట్టి అభ్యంతరం. ఆడతాయి. ప్రభుత్వాలు ఆడిస్తాయి, కంపెనీలు ఆడిస్తాయి, సర్వేల వాళ్లు జీతం తీసుకుని ఆడిస్తారు. కానీ లక్ష ఉద్యోగాలిచ్చామన్నవాడిని మూడేళ్ల తర్వాత నిలదీయొచ్చు. యువతకు బంగారు భవిష్యత్తు ఇచ్చామన్నవాడిని ఎక్కడ పట్టుకుంటారు? బంగారమన్నాడు కదా అని తరుగు అడగలేం. అంకె చెప్పినవాడు అబద్ధికుడైనా కాస్త ధైర్యస్తుడు, దొరికిపోయే అవకాశం మనకిచ్చాడు.

ఇక చివరిగా వేదాంతులొస్తారు. జీవితంలో అన్నీ కొలవలేం నాయనా, ప్రేమను కొలుస్తావా, మనసును కొలుస్తావా అంటారు. నేను కొలుస్తానన్నానా? కొలిచేది వాళ్లే. పిల్ల జాతకమూ పిల్లాడి జాతకమూ పట్టుకెళ్లి, ముప్ఫై ఆరు గుణాలకు ఎన్ని కలిశాయో లెక్క వేయించి, పద్దెనిమిది దాటితేనే ముహూర్తం పెట్టించేది వాళ్లే. అంటే కాపురానికి పాసు మార్కు యాభై శాతం. ఇంటర్మీడియట్‌కు ముప్ఫై ఐదే. అయినా పదిహేడు దగ్గర ఆగిపోయిన సంబంధాలేవీ చెడిపోయినట్టు కనపడదు, ఎందుకంటే దీనికి రీకౌంటింగ్ సౌకర్యం ఉంది. పక్క వీధి సిద్ధాంతిగారు ఇరవై రెండు వేస్తారు.