కారు బాబాయి

ప్రతి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనూ ఒక కారు బాబాయి ఉంటాడు. మా సెల్లార్‌లో లేడే అనుకుంటున్నారంటే మీరు ఆదివారం ఆలస్యంగా లేస్తారన్నమాట. ఆరున్నరకల్లా ఆయన బనీను, బెర్ముడాతో కిందికి దిగి మూడు బకెట్లు వరసగా పెట్టుకుంటాడు. ఒకటి షాంపూ నీళ్లకి, ఒకటి గుడ్డ జాడించడానికి, మూడోది చక్రాలకి. చక్రాలు తుడిచిన గుడ్డ బాడీకి తగిలిందా, ఆ గుడ్డకి మైలే. పాపం, వాచ్‌మన్ ఓసారి సాయం చేద్దామని వస్తే బాబాయి రెండు చేతులూ అడ్డంపెట్టి ఆపేశాడు.

"వద్దయ్యా. నీ గుడ్డలో ఇసక ఉంటుంది. సన్న గీతలు పడతాయి."

వాచ్‌మన్ వంగి చూశాడు. ఎడమ నుంచి చూశాడు, కుడి నుంచి చూశాడు. బాబాయి ఫోన్‌లో లైటు వేసి చూపించాడు. అయినా కనపడలేదు. ఆ గీతలు కారు బాబాయిలకే కనిపిస్తాయి. పిన్ని రెండు నెలల్నుంచి చూపిస్తున్న వంటింటి గోడ పగులు మాత్రం ఆయన కంటికి ఆనదు.

ఈ జబ్బు ఒక్క తరంలో వచ్చింది కాదు. 1983 చివర్లో మారుతి 800 వచ్చినప్పుడు బుక్ చేసుకుని నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు దేశమంతా ఉన్నారు. బాబాయి వాళ్ల నాన్నగారు వాళ్లలో ఒకరు. బండి ఇంటికొచ్చాక సీట్ల మీద కంపెనీవాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు ఆయన తియ్యనివ్వలేదు. మే నెలలో గుంటూరు నుంచి తిరపతి వెళ్తే చొక్కాలు వీపులకీ, వీపులు కవర్లకీ అతుక్కుపోయేవట. ఇది చెప్పి బాబాయి కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, తన కారుకి ఈ చివర నుంచి ఆ చివరి దాకా పారదర్శకంగా ఒక ఫిల్ము అంటించిన సంగతి చెబుతాడు. పీపీఎఫ్ అంటారు దాన్ని. రంగు మీద గీత పడకుండా కాపాడే ప్లాస్టిక్ పొర. తండ్రి లోపల ఉంచిన ప్లాస్టిక్కుని కొడుకు బయట వేయించాడు, అంతే. తండ్రిది ఊరికే వచ్చింది, కొడుకుది లక్ష దాటింది.

కొత్త బండికి పూజ చేయించడానికి పెద్దమ్మ గుడికి వెళ్లిన రోజు పంతులుగారు కుంకుమ గిన్నెలో వేలు ముంచి బానెట్ వైపు నడిచారు.

"పంతులుగారూ, పంతులుగారూ! అక్కడొద్దండీ, అద్దం మీద వెయ్యండి."

"స్వస్తిక్ ముందరే వెయ్యాలి బాబూ."

"అద్దం కూడా ముందే ఉంది కదండీ."

చివరికి నంబరు ప్లేటు మీద రాజీ కుదిరింది. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు రసం అల్లాయ్ చక్రాల మీద చిందకుండా బాబాయి పక్కన కూర్చుని గుడ్డ అడ్డం పట్టాడు. దండం పెట్టుకున్నది పిన్ని ఒక్కతే.

మామగారికి ఇవేమీ పట్టవు. ఆయనది ఒకే ప్రశ్న: "ఎంతిస్తుంది?"

"నూట యాభై గుర్రాల శక్తి మామయ్యగారూ, టర్బో పెట్రోలు."

"గుర్రాలు సరే. లీటరుకి?"

బాబాయి జవాబు చెప్పడు. చెబితే ఆ అంకె మామగారి నోట అత్తగారికి, అత్తగారి నోట ఊరంతటికీ చేరుతుంది.

బాబాయికి తగిన శ్రోతలు మామగారిలాంటివాళ్లు కారు, ఇంకో నలుగురు బాబాయిలు. వీళ్లు కలిస్తే బానెట్ లేవాల్సిందే. నలుగురూ నడుము మీద చేతులు పెట్టుకుని లోపలికి చూస్తారు. ఈ రోజుల్లో బానెట్ ఎత్తితే కనిపించేది నల్లటి ప్లాస్టిక్ మూత. దాన్నే కాసేపు చూస్తారు. ఒకాయన "ఊఁ" అంటాడు. పక్కాయన టర్బో ల్యాగ్ అంటాడు, ఇంకొకాయన బాడీ రోల్ అంటాడు. ఎవరో ఒకరు డీజిల్ టార్కు తలుచుకుని నిట్టూరుస్తారు. ఈ నలుగురిలో స్విఫ్ట్ డీజిల్ ఆయనకీ ఇండికా విస్టా ఆయనకీ ఒకప్పుడు మాటల్లేవు. నా బండి పికప్ ముందు నీది బలాదూర్ అని మొదలై, అవతలివాడి బండిని ట్రాక్టరనే దాకా వెళ్లింది. నిజానికి రెండు బండ్లలోనూ ఉన్నది ఫియట్‌వాళ్ల 1.3 లీటర్ల డీజిల్ ఇంజనే. ఒక కంపెనీ దాన్ని డీడీఐఎస్ అంది, ఇంకో కంపెనీ క్వాడ్రాజెట్ అంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసే పోట్లాడుకున్నారు, అదీ నాకు నచ్చింది.

వీళ్ల మధ్య పెద్ద తిట్టు 'స్టాక్'. అంటే కంపెనీ ఇచ్చిన బండిని ఇచ్చినట్టే ఉంచుకోవడం. "ఇంకా స్టాకేనా?" అన్న మాట, ముప్పై దాటినవాణ్ణి "ఇంకా పెళ్లి కాలేదా?" అని పలకరించే గొంతుతోనే వస్తుంది. బాబాయి స్టాక్‌గా ఎప్పుడూ లేడు. చట్టమే ఆయన వెంట పడుతూ వచ్చింది. అద్దాలకి నల్ల ఫిల్ము వేయిస్తే 2012లో సుప్రీంకోర్టు వద్దంది. ముందర ఇనప బుల్‌బార్ బిగిస్తే, నడిచేవాళ్లకి ప్రమాదం, ఎయిర్‌బ్యాగుకీ అడ్డమని 2017 డిసెంబరులో కేంద్రం తీసేయమంది. ఆ బుల్‌బార్ ఇప్పుడు వాళ్ల బాల్కనీలో ఉంది. పిన్ని దాని మీద తువ్వాళ్లు ఆరేస్తుంది. కంపెనీ చేసిచ్చిన బండి స్వరూపం మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోందని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పాక, బాబాయి వారం రోజులు సెల్లార్‌లోకి దిగలేదు.

దిగాక స్ప్రింగులు మార్పించాడు. బండి రెండంగుళాలు కిందికి దిగింది. మలుపుల్లో పట్టు అద్భుతమట. మలుపుల సంగతి తర్వాత, ముందు మా వీధిలో స్పీడు బ్రేకర్లున్నాయి. కాలనీ సంఘంవాళ్లు ఎవరి ఇంటి ముందు వాళ్లకి సిమెంటుతో వేయించినవి, ఏ కొలతకీ లొంగనివి. పెళ్లికి బయల్దేరిన రోజు మొదటి బ్రేకర్ దగ్గర బాబాయి బండి ఆపాడు.

"అందరూ ఒక్కసారి దిగండి."

పట్టుచీరల్లో పిన్ని, వాళ్ల అత్తగారు, ఒళ్లో స్వీట్ల డబ్బాతో పిల్లాడు దిగారు. బాబాయి స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఏటవాలుగా ముందు ఒక చక్రం, తర్వాత ఇంకో చక్రం ఎక్కించాడు. వెనక ఆటోవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. కింద ఎక్కడో 'గర్ర్' మంది. ఆ చప్పుడు బండిలో కంటే బాబాయి ముఖంలో ఎక్కువ తెలిసింది. అందరూ ఎక్కారు. వంద గజాల్లో ఇంకో బ్రేకర్.

"నాన్నా, నేను నడిచే వస్తాను, మీరు వెనక రండి," అంది మోకాళ్ల నొప్పుల ముసలావిడ. నిజంగానే మెయిన్ రోడ్డుకి ఆవిడే ముందు చేరింది.

స్పీడోమీటరులో 240 దాకా అంకెలున్నాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల పొడవునా 120 దాటితే కెమెరా పట్టేస్తుంది. "మరి ఆ మిగతా సగం దేనికి బాబాయ్?" అని అడిగితే, "వాడ్డానికి కాదురా, ఉండాలి" అన్నాడు. ఈ జవాబుకి ఎదురు చెప్పడం కష్టం.

నెలకోసారి 'డ్రైవ్' ఉంటుంది. తెల్లవారుజామున అయిదింటికి ఆరు కార్లు ఔటర్ దగ్గర కలుస్తాయి. చేవెళ్ల మర్రిచెట్ల కిందుగా వికారాబాద్ వెళ్తారు, అనంతగిరి మలుపులు ఎక్కుతారు. దిగాక ఇడ్లీ, వడ తింటారు. గంటన్నర నడిపిన దాని గురించి రెండు గంటలు మాట్లాడుకుంటారు. తొమ్మిదిన్నరకి కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఫస్ట్ గేరులో ఇంటికొస్తారు. ఓ రాత్రి శ్రీశైలం ఘాట్ కూడా పెట్టుకున్నారు గానీ, పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిదికి మన్ననూరు దగ్గర గేటు మూసేస్తారు. ఆ రాత్రి గేటు ఇవతలే ఆరు బానెట్లూ లేచాయి.

కారు కొనాలనుకునేవాళ్లు ఈయన దగ్గరికి రాక తప్పదు. మొన్న పైఫ్లోర్ కుర్రాడు వచ్చాడు. పిల్లల స్కూలు, అమ్మ ఆసుపత్రి, అంతే అతని అవసరం.

"బడ్జెట్ ఎంత?"

"తొమ్మిది లక్షలు బాబాయ్."

"మంచిది. ఇంకో అరవై వేలు వేసుకుంటే పై వేరియంట్. అది తీసుకునేవాడివి ఇంకో లక్ష వేస్తే ఆటోమేటిక్. ఆటోమేటిక్ అన్నాక టర్బో లేకపోతే దండగ..."

పదిహేడు దగ్గర కుర్రాడికి చెమట్లు పట్టాయి. చివరికి భార్యకి నచ్చిన రంగులో, ఇంటికి దగ్గరున్న షోరూములో, తొమ్మిది లక్షల బండే తెచ్చుకున్నాడు. బాబాయి వచ్చి తలుపు మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి చెవి పెట్టి విన్నాడు. "రేకు" అన్నాడు. మైసూర్‌పాక్ తీసుకుని వెళ్లిపోయాడు.

అదే కుర్రాడు నెల తిరక్కుండా విజయవాడ వెళ్తూ రాత్రి పదింటికి సూర్యాపేట దాటాక ఫోన్ చేశాడు. బండిలోంచి కీచుమని అరుపు, వెనక సీట్లో పిల్లలు. బాబాయి మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"ఫోను బానెట్ దగ్గర పెట్టు. ఏసీ ఆపు. ఆ... ఇప్పుడు వెయ్యి. ఆపు. కంగారేం లేదు, బెల్టు జారుతోంది. ఏసీ వెయ్యకుండా నెమ్మదిగా పో. టెంపరేచర్ లైటు వెలిగితే మాత్రం ఆపేసి నాకు చెయ్యి. పొద్దున్నే ఆటోనగర్‌లో బెల్టు మార్పించు."

వాళ్లు బెజవాడ చేరినట్టు ఫోన్ వచ్చేదాకా ఆయన పడుకోలేదు. పొద్దున మెకానిక్ చెప్పిందీ బెల్టే. బాబాయి మాత్రం ఆ సంగతి ఎక్కడా చెప్పుకోలేదు. చెప్పుకునేది అల్లాయ్ చక్రాల గురించి.

ఆయనకి ఇష్టమైన యాత్రాస్థలం చౌమహల్లా ప్యాలెస్. అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, వెనక సింహాసనంలాంటి సీటుతో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని ఆర్డరిచ్చి, బండి రాకముందే 1911లో పోయారు. తర్వాత కూడా అది తిరిగింది కొన్ని వందల మైళ్లేనట. బాబాయి దాని ముందు నిలబడి, "చూశావా, శతాబ్దం దాటినా ఎలా ఉందో! వాడకపోతేనే బండి నిలుస్తుంది" అన్నాడు. పక్కనే పిన్ని ఫోన్‌లో ఇంటికి క్యాబ్ బుక్ చేస్తోంది. ఆ రోజు వానొచ్చేలా ఉందని బాబాయి కారు తియ్యలేదు మరి.

కాబట్టి మీ సెల్లార్‌లోని బాబాయిని వదులుకోకండి. కారు కొనే ముందు తప్పకుండా అడగండి, బడ్జెట్ మాత్రం రెండు లక్షలు తగ్గించి చెప్పండి. రాత్రిపూట బండి అరిస్తే మొదటి ఫోన్ ఆయనకే చెయ్యండి. పెళ్లికి వెళ్లాలంటే మాత్రం ఆటో పిలుచుకోండి.