ఎంథాల్పీ సారు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఇంటర్ కెమిస్ట్రీ చెప్పే కాలేజీ ఎక్కడుంటే అక్కడ ఈ సారు ఒకరుంటారు. షర్టు జేబులో పెన్ను పక్కన థర్మామీటర్. చేతిసంచిలో ఒకదాంట్లో ఒకటి దూర్చిన రెండు థర్మాకోల్ కప్పులు, వాటి మీదికి బొక్క పెట్టిన అట్టమూత. అదే ఆయన కెలోరీమీటర్. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఆ కప్పులు బంద్ అయితే బాధపడ్డది టీకొట్టు వాళ్లు కాదు, ఈయన. పాతవి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.

"కాలుతుంది", "సల్లగుంది" అనే మాటలు ఆయన దగ్గర చెల్లవు. ఎన్ని గ్రాముల నీళ్లు, ఎన్ని డిగ్రీల తేడా? రెంటినీ గుణించి, మళ్లీ 4.18తో గుణిస్తే జౌళ్లు. అప్పుడు నమ్ముతారు.

పండక్కి ఇంటికి సున్నం వేయించారు. కూలీ డ్రమ్ములో రాతిసున్నం పోసి నీళ్లు గుమ్మరించబోతే, "ఆగు! మొదటి ఉష్ణోగ్రత తీసుకోలే!" అని అడ్డం పడ్డారు. కిలో సున్నానికి సుమారు 1,150 కిలోజౌళ్లు పుడతాయనీ, ఆ వేడితో మూడు లీటర్ల నీళ్లు మరిగించొచ్చనీ పాఠం మొదలైంది.

"జర ఎన్కకు జరుగుండ్రి సార్, కండ్లల్ల పడ్తది."

సారు జరగలేదు. డ్రమ్ము కుతకుతలాడింది, వేళ్లు చుర్రుమన్నాయి, థర్మామీటర్ అందులోనే పడింది. రీడింగెంతో ఆ గోడలకే తెలుసు.

యూరియా కలిపితే బకెట్ ఎందుకు సల్లబడ్తదని ఓ రైతు అడగ్గానే సారు ముఖం వెలిగిపోయింది. ఉష్ణగ్రాహకం! కరిగేటప్పుడు కిలోకు 250 కిలోజౌళ్ల దాకా నీళ్లలోంచే గుంజుకుంటుంది. పది లీటర్లలో కిలో వేస్తే ఐదారు డిగ్రీలు దిగుతుంది. రైతు శ్రద్ధగా విన్నాడు.

"అయితే బీరు సీసా అండ్ల పెట్టొచ్చన్నట్టు."

తిడతారనుకున్నాం. సారు కాగితం తీసి, ఎన్ని కిలోలు పడతాయో లెక్క వేశారు.

1840 నాటి హెస్ నియమాన్ని మాత్రం బస్సులోనే చెప్తారు. మొదలూ చివరా ఒకటైతే, చర్య ఏ దారిన నడిచినా మొత్తం ఉష్ణంలో తేడా రాదు. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా పోయినా, జగిత్యాల తిరిగి పోయినా చేరేది సిరిసిల్లే కదా!

"చేరుడు ఒక్కటే గని సార్, జగిత్యాల తిరిగితే టికెట్టు ఎక్కువైతది. ఇస్తరా, దిగుతరా?" అన్నాడు కండక్టర్.

సారు చిల్లర తీసిచ్చారు గానీ, టికెట్టు వెనక ఏదో రాసుకుంటూ వేములవాడ దాకా తలెత్తలేదు.