‘మనకెప్పుడిస్తావు మా?’ – సటీకా తాత్పర్యము

మూలము:
“ఊర్లో అందరికీ సెలవులిచ్చినారు గదా, మనకెప్పుడిస్తావు మా?”

అవతారిక: కడప జిల్లా తొండూరు ప్రాంతమున, పిల్లలను బడికి పంపక ఇంటనే చదువు చెప్పుకొను ఒక గృహము. గ్రీష్మము. తొమ్మిదేండ్ల బాలుడు తల్లితో పలికిన వాక్యమిది. కడప బంగళాలో పండితులను కూర్చుండబెట్టిన బ్రౌను దొర, జూలూరి అప్పయ్యచే మనుచరిత్రకు టీక వ్రాయించి 1851లో అచ్చొత్తించెను. అందలి ప్రవరునికి పట్టిన టీకాభాగ్యము ఈ బాలునికేల పట్టరాదు?

టీక: అందరికీ = సర్కారు బడి, ప్రైవేటు బడి అను భేదము లేక; సెలవులు = ఏప్రిల్ 24 మొదలు జూన్ 11 దాకా 49 దినములు; ఇచ్చినారు గదా = నీవు ఇయ్యలేదని ధ్వని; మనకు = నాకును చెల్లెలికిని. ఇందు తల్లియు చేరునని కొందఱందురు. ఆ కొందఱు తల్లియే. ఇస్తావు = కర్త తల్లి. 2009 నాటి విద్యాహక్కు చట్టమున ఇంటిబడి ఊసే లేదు గనుక, సెలవు చీటీ పుచ్చుకొను అధికారి వేఱొకరు దొరకరు.

విశేషములు: తెల్లవారి ఆరింటికి చీనీచెట్లకు నీళ్లు కట్టుట వృక్షశాస్త్రము. పులివెందుల మార్కెట్టుకు కాయలు పోవునాడు గణితము. టన్నుకు వంద కిలోలు సూటు (తరుగు) తీసినచో మూడు టన్నులకెంత పోవును? బాలుడు తడుముకొనక మూడు వందల కిలోలనెను. వెంటనే “ఎందుకు పోవాల?” అనెను. దానికి పుస్తకమున జవాబు లేనందున ఆనాటి పాఠము అంతటితో సరి.

ఎండ నలభై దాటినపుడు నడిమింటి నల్లబండలే పలక. ఒక మూల సుద్దతో పులిజూదము: మూడు పులులు, పదిహేను మేకలు. ఇంకొక మూల పదమూడో ఎక్కము. నడుమ పెన్నానది గండికోట, మైలవరం, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరికి పాఱుచుండగా, జేజి అంబలి గ్లాసుతో వచ్చి జమ్మలమడుగును తొక్కెను. కొంత అంబలి మైలవరమున ఒలికెను. జలాశయము నిండెనని చెల్లెలు చప్పట్లు కొట్టెను. సాయంత్రము తల్లి బండలు తుడిచినచో భూగోళము, ఎక్కము, పులులు ఏకమై బకెట్టులో పడును.

బడికి పోకయే వ్రాయదగిన జాతీయ సార్వత్రిక విద్యాపీఠమువారి పదో తరగతికి 14 ఏండ్లు నిండవలెను గనుక, ఈ ప్రశ్న ఇంకను అయిదేండ్లు ఏటేటా పుట్టునని ఎఱుగునది.

తాత్పర్యము: పొరుగు పిల్లలు చెట్టు నీడన గోళీలాడుదురు. వీడును వారితోనే ఆడును, తఱచు గెలుచును. కాని “మాకు సెలవులు” అని వారనినపుడు మాఱుపలుకుటకు వీనికి మాట లేదు. అడుగుచున్నది ఆ మాటనే.

ఉత్తరము: తల్లి చాట దించక, “జూన్ 12న ఇస్తాలే, పో” అనెను. బాలుడు గంతులు వేయుచు ఊరంతయు చాటి వచ్చెను. జూన్ 12న బళ్లు తెఱతురు. ఆ సంగతి వానికింకను తెలియదు.